ఆలస్యం ఎవరిది?

2024 నవంబరు 30. ఉత్తర కోల్‌కతాలోని బుర్తోలా పోలీస్ స్టేషన్ పరిధి. ఫుట్‌పాత్ మీద కాపురముంటున్న ఒక కుటుంబంలో 7 నెలల పాప కనిపించకుండా పోయింది. వెతగ్గా దగ్గర్లోనే ఏడుస్తూ దొరికింది, ఒంటి మీద గాయాలతో. ఆసుపత్రిలో చేర్చారు. బతికింది.

ఆ పాపకు అప్పటికి ఇంకా మాటలు రావు. ఎవరు ఎత్తుకెళ్లారో, ఏం చేశారో చెప్పే వయసు కాదు. ఆమె బదులు సీసీ కెమెరాలు చెప్పాయి. ఫుటేజీలో కనబడ్డ మనిషి నడకనూ, పోలీసులు పట్టుకున్న మనిషి నడకనూ నిపుణులు పోల్చి చూశారు. వైద్య నివేదికలు తోడయ్యాయి. 2025 ఫిబ్రవరి 18న కోల్‌కతా బ్యాంక్‌షాల్ కోర్టులో, పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం నిందితుడికి మరణశిక్ష వేసింది. నేరం జరిగిన రోజు నుంచి శిక్ష పడిన రోజు దాకా లెక్కేస్తే 80 రోజులు.

దీని పక్కన ఇంకో రెండు లెక్కలు పెట్టి చూడాలి.

దేశంలో ఒక పోక్సో కేసు తేలడానికి సగటున పట్టిన కాలం సుమారు 510 రోజులు. విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ 2022లో, చట్టానికి పదేళ్లు నిండిన సందర్భంగా, ఈ-కోర్టుల రికార్డులు తిరగేసి తేల్చిన అంకె ఇది.

రెండోది ఆస్ట్రేలియా లెక్క. బాల్యంలో లైంగిక హింసకు గురైనవాళ్ల గోడు వినడానికి ఆ దేశం ఒక రాయల్ కమిషన్ వేసింది. 2017లో తుది నివేదిక ఇచ్చిన ఆ కమిషన్ 8 వేల మందికి పైగా మనుషులతో విడివిడిగా మాట్లాడింది. జరిగినదాన్ని మొదటిసారి ఇంకొకరితో చెప్పుకోవడానికి వాళ్లకు పట్టిన కాలం సగటున 23.9 ఏళ్లు.

80 రోజులు, 510 రోజులు, 24 ఏళ్లు. ఈ మూడింటిలో మన సమాజం నిలదీసేది ఒక్క మూడోదాన్నే. ‘ఇన్నాళ్లూ నోరెందుకు విప్పలేదు?’ అని ఇంట్లో అడుగుతారు, స్టేషన్‌లో అడుగుతారు, బోనెక్కాక ఎదుటి వకీలు అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు అంకెల్లోనే ఉంది. వరసగా చూద్దాం.

53 శాతం: అడిగితే చెప్పారు

పిల్లలు చెప్పరన్నది పూర్తి నిజం కాదు. అడగాల్సిన తీరులో అడిగితే చెబుతారని 2007లోనే రుజువైంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆ ఏడాది బాలల మీద హింస గురించి ఒక జాతీయ అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఆ రాష్ట్రాల్లో పశ్చిమ బెంగాల్ ఉంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పిన పిల్లలు 53.22 శాతం. తీవ్రమైన రూపంలో ఎదుర్కొన్నవాళ్లు 21.90 శాతం. శాతం ఎక్కువగా తేలిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇది ఎక్కడో బెంగాల్ గొడవ అనుకుని పేజీ తిప్పేయడానికి మనకు వీల్లేదు.

ఆ నివేదికలో మరో రెండు సంగతులున్నాయి. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మినవాళ్లు. వేధింపుకు గురైనవాళ్లలో పదిమందికి ఏడుగురు అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అధ్యయనం కోసం వచ్చిన కొత్త మనిషి కూర్చుని ఓపిగ్గా అడిగితే చెప్పారు. అంటే ఇంట్లోనూ బళ్లోనూ అంతవరకూ అలా అడిగినవాళ్లు లేరన్నమాట.

అందరూ మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. లైంగిక వేధింపు ఎదురైందన్న పిల్లల్లో 52.94 శాతం మగపిల్లలు. అదే పోలీసు లెక్కకు వస్తే బొమ్మ తిరగబడుతుంది. 2021లో దేశం మొత్తం మీద పోక్సో చట్టం కింద నమోదైన కేసులు 53,874. రోజుకు 147. వాటిలో ఇంచుమించు 99 శాతం కేసుల్లో బాధితులు ఆడపిల్లలే. రెండు లెక్కల కొలతలు ఒకటి కావు. అధ్యయనం చిన్నాపెద్దా వేధింపులన్నీ లెక్కేసింది, పోలీసులు కేసు కట్టినవే లెక్కేశారు. ఆ తేడా ఎంత తీసేసినా, 53కూ 1కీ మధ్య ఉన్న అగాధం పూడదు. ‘మగపిల్లాడికి ఏమవుతుందిలే’ అన్న మాట కింద పడి నలిగిపోయిన గొంతులు ఆ అగాధంలోనే ఉన్నాయి. పోక్సో చట్టం ఆడా మగా తేడా చూడదు. 18 ఏళ్ల లోపు ఎవరైనా దాని లెక్కలో పిల్లలే.

24 ఏళ్లు: గొంతు పెగలడానికి

బయటివాడు కొడితే పిల్లవాడు ఏడుస్తూ ఇంటికి పరుగెత్తుకొస్తాడు. కొట్టినవాడు ఇంట్లోనే ఉంటే ఎక్కడికి పరుగెత్తాలి? జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క ప్రకారం పోక్సోలోని తీవ్రమైన నేరాల్లో 96 శాతం దాకా నిందితులు పిల్లలకు ముందే తెలిసినవాళ్లు. కోల్‌కతాలో అయితే పిల్లలు ‘కాకు’ అని పిలిచే కుటుంబ స్నేహితుడో, సాయంత్రం ఇంటికొచ్చే ట్యూషన్ మాస్టారో. మనకు మామయ్య, బాబాయి, పక్కింటి అన్నయ్య. పేరు పెట్టి నేరస్థుడు అనడానికి ముందు ఆ వరసను తెంచుకోవాలి. ఏడేళ్ల పిల్లకు అది చేతనయ్యే పని కాదు. జరిగినదానికి ఏ పేరు పెట్టాలో కూడా ఆ వయసులో తెలియదు. తెలిసేసరికి ఇరవై దాటతాయి. అప్పటికి తనే తప్పు చేశానన్న అపరాధ భావం వేళ్లూనుకుని ఉంటుంది.

కోల్‌కతాలో ఆ మౌనాన్ని బద్దలుకొట్టినవాళ్లలో ప్రాణాధికా సిన్హా దేవ్‌బర్మన్ ఒకరు. తన బాల్యంలో జరిగినదాన్ని తన పేరుతోనే బయటపెట్టి, ‘ఎలాన్’ అనే సంస్థ పెట్టారు. ఎలాన్ అంటే ప్రకటన, మన మాటలో చెప్పాలంటే చాటింపు. గుసగుసగా కూడా చెప్పుకోని సంగతికి ఆ పేరు పెట్టడంలోనే ఆమె చెప్పదలచుకున్నదంతా ఉంది.

అందరికీ గొంతు మాటతోనే మొదలవ్వాలని లేదు. 2004లో సోహిని చక్రవర్తి స్థాపించిన ‘కోల్‌కతా సన్వేద్’ది వేరే దారి. అక్రమ రవాణా నుంచీ, లైంగిక హింస నుంచీ బయటపడ్డ అమ్మాయిలతో ఆ సంస్థ నాట్య చలన చికిత్స చేయిస్తుంది. 1987లో మొదలై, ఇలాంటి పిల్లలకు ఆశ్రయమిస్తున్న ‘సంలాప్’ వసతి గృహాల్లోని అమ్మాయిలతోనే సోహిని పని మొదలైంది. ఇందులో పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి ‘ఏం జరిగింది, చెప్పు’ అనరు. ముందు నేల మీద పాదం ఆనించి నిలబడడం, ఊపిరి తీసుకోవడం, చెయ్యి చాచి తన చుట్టూ ఎంత చోటు తనదో చూసుకోవడం. ఒంటిని తన ఇష్టప్రకారం కదిలించుకునే హక్కు పోగొట్టుకున్న పిల్లకు అది తిరిగి దక్కాక మాట దానంతటదే వస్తుంది. అక్కడ శిక్షణ పొందిన అమ్మాయిల్లో కొందరు తర్వాత తమలాంటివాళ్లకు శిక్షకులయ్యారు.

గొంతుకు గొంతు తోడైతే అది సంఘమవుతుంది. అక్రమ రవాణా నుంచి బయటపడ్డవాళ్లు బెంగాల్‌లో ‘ఉత్థాన్’, ‘బంధన్ ముక్తి’ వంటి బృందాలు కట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘విముక్తి’ ఉంది. ఇవన్నీ కలిసి 2019లో ‘ఇల్‌ఫాట్’ అనే జాతీయ వేదికగా ఏర్పడ్డాయి. కోల్‌కతా దగ్గరి పల్లెలో పుట్టిన అమ్మాయీ, మన కోస్తా జిల్లా అమ్మాయీ ఒకే వేదిక మీద కూర్చుని చట్టం ఎలా ఉండాలో చెబుతున్నారు. జాలి చూపించమని కాదు, పరిహారం ఎందుకు రాలేదని అడుగుతున్నారు.

3 ఏళ్లు: చట్టం కట్టిన గోడ

ఇరవై నాలుగేళ్లకు మాట పెగిలిందే అనుకుందాం. చట్టం వింటుందా? ఇది తేదీని బట్టి ఉంటుంది.

పోక్సో చట్టం 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం రోజున, అమల్లోకి వచ్చింది. నేరం జరిగినప్పుడు లేని చట్టం కింద ఎవరినీ శిక్షించకూడదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతోంది. కాబట్టి ఆ తేదీకి ముందు జరిగినవాటికి పాత భారతీయ శిక్షా స్మృతే దిక్కు. అందులో అత్యాచారానికి 376, మగపిల్లల విషయంలో 377. ఈ రెండింటి శిక్షా పెద్దది కాబట్టి ఫిర్యాదుకు గడువు లేదు. మిగతా వేధింపులన్నీ 354లోకి, ‘మహిళ గౌరవానికి భంగం’ అన్న సెక్షన్‌లోకి, వచ్చి పడేవి. 2013 ఫిబ్రవరి దాకా దానికి గరిష్ఠ శిక్ష 2 ఏళ్లు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 468వ సెక్షన్ ప్రకారం, గరిష్ఠ శిక్ష ఏడాదికి మించి 3 ఏళ్ల దాకా ఉన్న నేరాన్ని 3 ఏళ్లలోగా కోర్టు విచారణకు తీసుకోవాలి. దాటితే తలుపు మూసుకుంటుంది. ఆలస్యాన్ని మన్నించే అధికారం న్యాయమూర్తికి ఉన్నా, అది దయ, హక్కు కాదు.

అంటే ఎనిమిదేళ్ల పిల్లకు పదకొండో ఏడు నిండేసరికి గడువు అయిపోతుంది. మనిషికి పట్టేది 24 ఏళ్లు, చట్టం ఆగేది 3 ఏళ్లు.

ఇక్కడ తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన ఒక తేడా ఉంది. ఆంధ్రప్రదేశ్ 1991లోనే 354వ సెక్షన్‌ను తన మటుకు సవరించుకుంది. శిక్షను కనీసం 5 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు చేసింది. శిక్ష 3 ఏళ్లు దాటితే గడువు నిబంధన వర్తించదు. 1995లో ఒకే నేరం కోల్‌కతాలో ఒక పిల్లకూ, విజయవాడలో ఒక పిల్లకూ జరిగిందనుకోండి. కోల్‌కతా పిల్లకు 1998లో తలుపు మూసుకుపోయింది. విజయవాడ పిల్లకు ఇప్పటికీ మూసుకోలేదు. గడువు అనేది ప్రకృతి సూత్రం కాదు, ఒక శాసనసభ ఒక పూట కూర్చుని మార్చగలిగిన అంకె మాత్రమేనని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఈ గోడను 2018లో మళ్లీ కదిలించింది కెనడాలో స్థిరపడ్డ జీవశాస్త్రవేత్త పూర్ణిమా గోవిందరాజులు. చెన్నైలో చిన్నప్పుడు తనకు జరిగినదాని మీద దశాబ్దాల తర్వాత ఫిర్యాదు ఇవ్వబోతే తీసుకునేవాళ్లు లేకపోయారు. ఆమె అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీని కలిశారు. మంత్రి న్యాయశాఖను అడిగారు. పోక్సో 19వ సెక్షన్‌లో ఫిర్యాదుకు ఎలాంటి గడువూ లేదని ఆ ఏడాది అక్టోబరులో జవాబు వచ్చింది. చిన్నప్పటి నేరం మీద ఏ వయసులోనైనా ఫిర్యాదు చేయొచ్చని కేంద్రం ప్రకటించింది. అయితే 2012కు ముందు పుట్టి పెరిగిన తరాలకు పాత గోడ పూర్తిగా కూలలేదు. వాళ్ల కోసం చట్టాన్ని ఇంకా ఎవరూ సవరించలేదు.

24 గంటలు, 30 రోజులు, 1 ఏడాది: కాగితం మీది గడియారం

పోక్సో చట్టాన్ని చదివితే రాసినవాళ్లు పిల్లల పక్షాన కూర్చుని రాశారనిపిస్తుంది. అడుగడుగునా ఒక అంకె ఉంది.

ఫిర్యాదు అందిన 24 గంటల్లో పోలీసులు ఆ సంగతి బాలల సంక్షేమ కమిటీకీ, ప్రత్యేక కోర్టుకూ తెలియజేయాలి. కోర్టు కేసును విచారణకు స్వీకరించిన 30 రోజుల్లో పిల్ల వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు 1 ఏడాదిలో విచారణ ముగించాలి. 2020 నాటి నిబంధనల ప్రకారం, తక్షణ అవసరాలకు డబ్బు ఇవ్వమని కమిటీ సిఫారసు చేస్తే వారంలోగా అది చేతికి రావాలి.

పిల్లను స్టేషన్‌కు రమ్మనకూడదు. వాళ్ల ఇంటికో, వాళ్లకు ఇష్టమైన చోటికో పోలీసులే వెళ్లాలి. వెళ్లేది సాధ్యమైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి అయి ఉండాలి. ఖాకీ యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట ఏ పిల్లనూ స్టేషన్‌లో ఉంచకూడదు. కోర్టులో పిల్ల కళ్లకు నిందితుడు కనబడకుండా అద్దమో, తెరో, వీడియో సదుపాయమో ఉండాలి. వకీళ్లు ప్రశ్నలు నేరుగా పిల్లను అడగకూడదు, న్యాయమూర్తికి ఇవ్వాలి, ఆయన అడగాలి. మాటిమాటికీ కోర్టుకు పిలిపించకూడదు. పేరు, ఫొటో, బడి, వీధి, ఏదీ బయటికి రాకూడదు.

ఇదంతా పుస్తకం మాట. ఇప్పుడు ఇంటి దగ్గర వాంగ్మూలం సంగతే తీసుకోండి. కోల్‌కతా బస్తీలో అయినా, హైదరాబాద్ బస్తీలో అయినా ఇల్లంటే ఒకే గది. మంచం మీద తాత, గుమ్మంలో పక్కింటివాళ్లు, రేకు గోడకు అవతల ఇంకో కాపురం. సివిల్ దుస్తుల్లో వచ్చినా, కొత్త మనిషి వచ్చి పిల్లతో అరగంట కూర్చుంటే వీధి మొత్తానికి తెలిసిపోతుంది. నిందితుడు ఇంట్లోవాడే అయితే, ఆ గదే నేరం జరిగిన చోటు. ఇల్లు వద్దు, ఇంకో చోటు కావాలనే హక్కు పిల్లకుందని కుటుంబాలకు ముందుగా చెప్పేవాళ్లు ఉండాలి. అందుకే ‘సపోర్ట్ పర్సన్’ అనే ఏర్పాటు పెట్టారు. ఫిర్యాదు రోజు నుంచి తీర్పు దాకా పిల్ల చెయ్యి పట్టుకుని నడిచే మనిషి. ఇది తల్లిదండ్రుల ఇష్టాయిష్టాలకు వదిలేసే విషయం కాదనీ, రాష్ట్రాల బాధ్యత అనీ సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో స్పష్టం చేసింది.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో, కోల్‌కతాలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇంకో సంగతి. పిల్లకు బెంగాలీ రాకపోతే దుబాసీని పెట్టాలని చట్టమే చెబుతోంది. ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పుకోవచ్చు.

510 రోజులు: కోర్టు గడియారం

ఇక అసలు గడియారం. ఏడాదిలో ముగించమన్న విచారణ సగటున ఏడాదిన్నరకు దగ్గరైంది. ఢిల్లీలో అయితే 1,284 రోజులు, అంటే మూడున్నరేళ్లు. చండీగఢ్‌లో 180 రోజులు. చట్టం ఒక్కటే, ఊరిని బట్టి ఏడు రెట్ల తేడా.

కాలం గడిచేకొద్దీ కేసు పలచబడుతుంది. సాక్షులు మాట మారుస్తారు, పిల్ల వయసు కాగితాలు తేలవు, కుటుంబాల మధ్య రాజీలు కుదురుతాయి. విధి సెంటర్ పరిశీలించిన కేసుల్లో శిక్షలు పడినవి 14.03 శాతం, నిందితులు నిర్దోషులుగా బయటపడినవి 43.44 శాతం. ఒక శిక్షకు మూడు విడుదలలు. పశ్చిమ బెంగాల్‌లో విడుదలలు శిక్షలకు ఐదు రెట్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఏడు రెట్లు. కేరళలో మాత్రం ఈ రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి: విడుదలలు 20.5 శాతం, శిక్షలు 16.49 శాతం. అదే చట్టంతో వాళ్లకు వీలైనది మనకు ఎందుకు కాలేదు?

కోర్టులు చాలకపోవడం ఒక కారణం. 2024 ఆగస్టులో ఆర్.జి.కర్ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ హత్యాచార ఘటనతో కోల్‌కతా వీధుల్లోకి వచ్చినప్పుడు కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య లేఖల యుద్ధం నడిచింది. బెంగాల్‌కు 123 ఫాస్ట్‌ట్రాక్ ప్రత్యేక కోర్టులు కేటాయిస్తే 2023 జూన్ మధ్య దాకా ఒక్కటీ మొదలవలేదనీ, సవరించిన లక్ష్యం 17 అయితే 2024 జూన్ 30 నాటికి నడుస్తున్నవి 6 పోక్సో కోర్టులేననీ, అత్యాచారం, పోక్సో కేసులు కలిపి 48,600 పెండింగ్‌లో ఉన్నాయనీ కేంద్ర మంత్రి అన్నపూర్ణాదేవి రాశారు. తమ ఖర్చుతోనే 88 ఫాస్ట్‌ట్రాక్ కోర్టులు, 62 పోక్సో కోర్టులు నడుపుతున్నామని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ జవాబిచ్చారు. లేఖల్లో ఎవరు నెగ్గారన్నది పక్కన పెట్టండి. 48,600 ఫైళ్లలో ప్రతి ఒక్కదాని వెనకా పిలుపు కోసం ఎదురుచూసే ఒక మనిషి ఉన్నారు.

తలచుకుంటే వేగం సాధ్యమేనని కూడా అదే రాష్ట్రం చూపించింది. 2024 అక్టోబరులో దక్షిణ 24 పరగణాల జయనగర్ ప్రాంతంలో ఒక బాలిక హత్యాచారానికి గురైంది. 36 మంది సాక్షుల్ని విచారించి, బారుయీపూర్ పోక్సో కోర్టు 62 రోజుల్లో మరణశిక్ష ప్రకటించింది. మన దగ్గర 2019లో హన్మకొండలో 9 నెలల పసికందు కేసులో రెండు నెలలు తిరగకముందే ఉరిశిక్ష పడింది. అదే ఏడాది నవంబరులో తెలంగాణ హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది.

ఇక్కడో జాగ్రత్త అవసరం. ఈ వేగవంతమైన తీర్పులన్నీ పత్రికల మొదటి పేజీకెక్కిన కేసులవి. ముఖ్యమంత్రులు ప్రకటనలు చేసిన కేసులవి. మామయ్య మీద ఫిర్యాదు ఇచ్చిన పన్నెండేళ్ల పిల్ల కేసు ఏ పేజీకీ ఎక్కదు. శిక్షను ఉరి దాకా పెంచడం ఆ పిల్లకు మేలు చేస్తుందా అన్నదీ ఆలోచించాలి. ‘చెబితే వాడిని ఉరి తీస్తారు’ అన్న భయం ఇంట్లోవాళ్ల నోళ్లను ఇంకా గట్టిగా కుట్టేయగలదు. 2019 సవరణతో పోక్సోలో తీవ్రమైన నేరాలకు కనీస శిక్ష 10 నుంచి 20 ఏళ్లయింది, ఉరి కూడా చేరింది. పెరిగింది శిక్ష అంకె. శిక్ష పడుతుందన్న నమ్మకం అలా పెరగదు.

2018 నుంచి 2025: ఎవరూ అడగని ఒక అమ్మాయి

బారుయీపూర్ కోర్టులోనే నడిచిన మరో కేసు దేశమంతా చర్చకొచ్చింది. 2018లో 14 ఏళ్ల అమ్మాయి ఇల్లు విడిచి 25 ఏళ్ల యువకుడి దగ్గరికి వెళ్లింది. తల్లి ఫిర్యాదు చేసింది. అమ్మాయికి బిడ్డ పుట్టింది. 2022లో కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. 2023 అక్టోబరు 18న కలకత్తా హైకోర్టు అతన్ని వదిలేస్తూ, కౌమార బాలికలు తమ కోరికల్ని అదుపులో పెట్టుకోవాలని హితబోధ చేసింది. సుప్రీంకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. 2024 ఆగస్టు 20న ఆ వ్యాఖ్యల్ని తప్పుబట్టి, నేర నిర్ధారణను పునరుద్ధరించింది. అదే తీర్పులో రాష్ట్ర యంత్రాంగాన్నీ నిలదీసింది. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాల్సిన పిల్లను ఎవరూ పట్టించుకోలేదు. కన్నవాళ్లు వదిలేశారు. ఇంకో దారి లేక ఆ యువకుడి ఇంటికే తిరిగి చేరింది.

ఆ తర్వాత కోర్టు ఒక పని చేసింది. నిపుణుల కమిటీని పంపి, అప్పటికి మేజరైన ఆ యువతినే అడిగించింది. జరిగిన నేరం కంటే, ఆ తర్వాత పోలీసులు, కోర్టులు, అతన్ని విడిపించుకోవడానికి పడ్డ పాట్లే తనను ఎక్కువ కుంగదీశాయని తేలింది. 2025 మే 23న సుప్రీంకోర్టు 142వ అధికరణం కింద తన ప్రత్యేకాధికారాన్ని వాడి, అతను జైలుకు వెళ్లనక్కర్లేదంది. ఆమె నివాసం, చదువు, బిడ్డ బాగోగులు చూడమని రాష్ట్రాన్ని ఆదేశించింది.

ఈ తీర్పును ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. 14 ఏళ్ల పిల్ల సమ్మతికి విలువ లేదన్న చట్టం మారలేదు, మారకూడదు కూడా. కానీ లెక్క చూడండి. 24 గంటల్లో ఎవరో ఒకరు ఆ పిల్ల పక్కన కూర్చుని ‘నీకేం కావాలమ్మా?’ అని అడగాల్సింది. అడగడానికి ఆరేళ్లు దాటింది.

పెద్దవాళ్ల విషయంలోనూ కోల్‌కతాకు ఈ ఆలస్యం తెలుసు. 2012 ఫిబ్రవరిలో పార్క్ స్ట్రీట్‌లో అత్యాచారానికి గురైన సుజెట్ జోర్డాన్ మరుసటి ఏడాది తన పేరు తానే ప్రకటించుకున్నారు. ‘పార్క్ స్ట్రీట్ బాధితురాలు’ అన్న ముసుగు తనకొద్దన్నారు. 2015 డిసెంబరులో కోర్టు ముగ్గురిని దోషులుగా తేల్చింది. ఆమె ఆ మార్చిలోనే చనిపోయారు. తన గొంతును తానే వెతుక్కున్న మనిషికి తీర్పు వినే భాగ్యం 9 నెలల తేడాలో తప్పిపోయింది.

మీ దాకా వస్తే

ఈ కథనం చదివేవాళ్లలో చిన్నప్పటి బరువును ఇంకా మోస్తున్నవాళ్లు తప్పక ఉంటారు. పిల్లల తల్లిదండ్రులూ ఉంటారు. ఇద్దరికీ పనికొచ్చే సంగతులు ఇవి.

- పిల్లల కోసం 1098. దేశంలో ఎక్కడి నుంచైనా, పగలైనా రాత్రైనా ఉచితం. అత్యవసరమైతే 112.
- నేరం కోల్‌కతాలో జరిగి, మీరిప్పుడు హైదరాబాద్‌లో ఉన్నా పర్వాలేదు. ఏ స్టేషన్‌లోనైనా ‘జీరో ఎఫ్ఐఆర్’ రాయించుకోవచ్చు. అది సంబంధిత స్టేషన్‌కు చేరుతుంది.
- వైద్య పరీక్ష ఎఫ్ఐఆర్ కోసం ఆగనక్కర్లేదు. ఆడపిల్ల అయితే మహిళా డాక్టరే పరీక్షించాలి, పిల్ల నమ్మే మనిషి పక్కన ఉండాలి.
- నేరం 2012 నవంబరు 14 తర్వాతిదైతే పోక్సో వర్తిస్తుంది. మీకిప్పుడు ఎంత వయసున్నా సరే. ముందుదైతే, ‘గడువు దాటింది’ అన్న మాటను స్టేషన్ గుమ్మంలోనే నమ్మి వెనక్కి రాకండి. ఏ సెక్షన్, ఏ రాష్ట్రం, ఏ ఏడాది అన్నది న్యాయవాదితో చూపించుకోండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా చెబుతారు.
- హైదరాబాద్‌లో 2016 నుంచి ‘భరోసా’ కేంద్రం ఉంది. వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద జరుగుతాయి. 2018లో దానికి పిల్లలకు అనువైన కోర్టు కూడా తోడైంది.
- ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది పెద్దయిన బాధితుల సొంత నిర్ణయం. కేసు పెట్టకపోయినా చెప్పుకోవడం, కౌన్సెలింగ్ తీసుకోవడం తప్పు కాదు, పిరికితనం కాదు.

ఎవరైనా మీ దగ్గరికొచ్చి, పదేళ్ల కిందటిదో ముప్పై ఏళ్ల కిందటిదో చెబితే, మొదటి మాటగా ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు’ అనకండి. ‘చెప్పి మంచి పని చేశావు’ అనండి. ఆ ఒక్క వాక్యానికి డబ్బు ఖర్చు లేదు, కోర్టు అక్కర్లేదు.

మొదట్లో అడిగిన ప్రశ్నకు చట్టమే జవాబు రాసి పెట్టింది. పిల్లల మీద నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం పోక్సో 21వ సెక్షన్ ప్రకారం నేరం. 6 నెలల దాకా జైలు. ఒక సంస్థకు పెద్దగా ఉండి, కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెడితే 1 ఏడాది. అదే సెక్షన్ చివర ఒక చిన్న మినహాయింపు ఉంది: ఇది పిల్లలకు వర్తించదు. పిల్లలు చెప్పలేకపోవచ్చు, ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. చట్టం దృష్టిలో అది తప్పు కాదు. తెలిసీ ఊరుకున్న పెద్దవాళ్లదే తప్పు.